రెండో సీసా లెక్క

మొన్న వేసవిలో ఫోన్‌లో ఒక వీడియో చూసి కిలో ఆవకాయ తెప్పించాను. రోలు, పసుపు రాసిన గడప, అరిటాకు, వెనకాల సన్నాయి... ముచ్చటగా తీశారు. పార్సిల్ వచ్చేసరికి అట్టపెట్టె అడుగంతా నూనె. మూత సరిగా బిగించలేదు. సీసా మీదున్న నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. పచ్చడి మాత్రం బాగుంది, అందుకే ఇంకా ఒళ్లు మండింది. మూడో రోజున అదే వీడియో, పాట మార్చుకుని, మళ్లీ నా ముందుకొచ్చింది. కొన్నవాడి ఫోన్ ఎత్తే తీరిక లేదు, కొననివాళ్లను పిలవడానికి మాత్రం డబ్బుంది.

చిన్న వ్యాపారుల్లో ఇప్పుడు చాలామందిది ఇదే వరస. మార్కెటింగ్ అనగానే కొత్త ముఖాల వేట. కరపత్రాలు, లోకల్ కేబుల్లో స్క్రోలింగు పోయి వాటి స్థానంలో రీల్సు, డబ్బు కట్టి చేయించే బూస్టింగు వచ్చాయి. సాధనం మారింది గానీ లెక్క వేసుకోని అలవాటు మారలేదు. ఒక్కసారి కాగితం మీద పెట్టి చూద్దాం. కిలో పచ్చడి మీద ఖర్చులన్నీ పోను వంద రూపాయలు మిగులుతాయనుకుందాం. ప్రకటనకు 5,000 పెడితే పాతిక మంది కొన్నారనుకుందాం. ఒక్కో మనిషిని తెచ్చుకోవడానికి 200 పడింది. మొదటి సీసా అమ్మినప్పుడు వంద నష్టం. రెండో సీసాతో చెల్లుకు చెల్లు. లాభమన్నది మూడో సీసా నుంచే. వచ్చిన మనిషి మళ్లీ రాకపోతే అమ్మకం పెరిగేకొద్దీ నష్టమే పెరుగుతుంది. పెద్ద కంపెనీలు ఆ నష్టాన్ని ఏళ్ల తరబడి మోస్తాయి. పుస్తెలతాడు కుదువబెట్టి గ్రైండరు కొన్న మనిషి రెండు నెలలు కూడా మోయలేదు.

కొన్నవాణ్ని మళ్లీ రప్పించుకునే కిటుకు మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బొంబాయి చేరిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు ఆయనదీ చిన్న వ్యాపారమే. తలనొప్పి మందు గురించి ఎంత గొప్పగా రాసినా చదివినవాడికి నొప్పి తగ్గదు కదా. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. జనం గంటల తరబడి కదలకుండా కూర్చునే చోటు అది. (గాయకుడి గొంతు సహకరించని రోజున గిరాకీ ఇంకాస్త పెరిగేదేమో!) నుదుటికి రాసుకున్న నిమిషంలో చల్లదనం తెలుస్తుంది, ఆ ఘాటు పక్కవాడికీ తగులుతుంది. ఇంటికెళ్లి కొనేది వాళ్లే, సీసా అయిపోయాక మళ్లీ కొనేదీ వాళ్లే. 1908లో ఆంధ్రపత్రిక పెట్టడానికి అండగా నిలిచింది ఆ సీసాల రాబడే.

అమృతాంజనం పుట్టిన తొంభై ఏళ్లకు, 1983లో, తమిళనాడులోని కడలూరులో మొదలైన చిక్ షాంపూ సాచెట్లతో సి.కె. రంగనాథన్ చేసింది దీనికి తరువాయి అనొచ్చు. పల్లెల్లో కుర్రాళ్ల తలకు అందరి ఎదుటా షాంపూ పెట్టి రుద్ది, జుట్టు ముట్టుకుని చూడమనేవారు. ఏ కంపెనీవైనా సరే, ఐదు ఖాళీ సాచెట్లు తెస్తే ఒక చిక్ ఉచితమన్నారు. కొన్నాళ్లకు మెలిక పెట్టారు, ఆ ఖాళీలు చిక్‌వే అయి ఉండాలని. మొదటిది ఎదుటి కంపెనీ వాడకందారుకు వేసిన ఎర, రెండోది తన దగ్గరికొచ్చినవాడు జారిపోకుండా కట్టిన గట్టు.

మన కొట్లలో ఈ గట్టు పేరు కొసరు. తూకం అయ్యాక కూరగాయల సంచిలో పడే గుప్పెడు కరివేపాకు. దాని విలువ రూపాయో రెండో, కానీ అది చేతికొచ్చేది కొనడం అయిపోయాక. డిస్కౌంటు కొనకముందు చూపించే ఆశ. ఆ ఆశతో వచ్చినవాడు పక్కకొట్లో ఇంకో రూపాయి తగ్గితే అటే పోతాడు.

మళ్లీ రావాలంటే ముందు ఆ మనిషెవరో తెలియాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. డెలివరీ యాప్‌లో అమ్మితే ఆర్డరు మీది, మనిషి యాప్‌ది. రెస్టారెంట్ల జాతీయ సంఘం 2021లో కాంపిటిషన్ కమిషన్‌కు చేసుకున్న ఫిర్యాదులో కస్టమరు వివరాలు దాచిపెట్టడం కూడా ఒకటి. యాప్ వద్దని నేననను. అదొక సంత, కొత్తవాళ్లు కనబడతారు. సంతలో దొరికినవాడికి ఇంటిదారి చెప్పే చీటీ ముక్క పొట్లంలో పెట్టాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు సంగతే చూడండి: మీ నంబరు తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాడికే ఆ మెసేజ్ చేరుతుంది. ఎక్కడో వెయ్యి నంబర్లు కొనుక్కొచ్చి లిస్టులో ఎక్కించేవాళ్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ఇక వైరల్ అయిపోవాలన్న కోరిక. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకావిడ వీడియోలు ఊరంతా తిరిగాయి. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు అక్కణ్నుంచి తీయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి కల్పించుకుని ఆమెను అక్కడే ఉండనివ్వమన్నారు. ప్రతి బండికీ ముఖ్యమంత్రి కల్పించుకోరు. వంద ప్లేట్ల వంట ఒక్కసారిగా వెయ్యి ప్లేట్లయితే ఎక్కడైనా ముందు దెబ్బతినేది రుచి, ఆ తర్వాత పాత ఖాతాలు.

ప్రభుత్వాలూ మొదటి సీసా దగ్గరే ఆగిపోతున్నాయి. రుణం ఇస్తారు, డ్వాక్రా బజారులో, సరస్ మేళాలో స్టాలు ఇస్తారు. మేళా ఉన్నన్నాళ్లూ అమ్మకాలు బాగానే ఉంటాయి. మేళా ఎత్తేశాక హైదరాబాద్‌లో కొన్నవాడికి నర్సాపురంలో లేసు అల్లే మనిషి దగ్గరికి దారి ఉండదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. గుర్తింపు ఊరిది, రేకు విరగకుండా పెట్టెకట్టే తిప్పలు ఇంటివి. షామియానాలకు పోసే డబ్బులో కొంత గట్టి పెట్టెలకూ, ఆర్టీసీ కార్గోలో చిన్న పార్సిళ్ల రాయితీకీ మళ్లిస్తే మేళాలో రుచి చూసినవాడు దసరాకు మళ్లీ తెప్పించుకుంటాడు.

మా వీధిలో ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే ఒకావిడ ఉంది. బోర్డు లేదు. కవరు మీద మార్కరుతో రుబ్బిన తేదీ, వేళ రాస్తుంది. డిసెంబరు సాయంత్రాల్లో ఫోన్‌కి మెసేజ్ పెడుతుంది: ‘చలిగా ఉందండి, పిండి తొందరగా పొంగదు. ఫ్రిజ్‌లో పెట్టకండి, రాత్రంతా బయటే ఉంచండి.’ ఒకసారి పిండి మరీ పులిసిందని మా ఆవిడ అంటే వాదించలేదు. మర్నాడు తలుపు కొట్టి కొత్త కవరిచ్చి, పాతదాంట్లో కాస్త మైదా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు వేసుకోండమ్మా అని చెప్పి వెళ్లింది. సందు చివర సూపర్‌మార్కెట్లో ఒకటి కొంటే ఒకటి ఉచితమని కంపెనీ పిండి పెట్టినప్పుడు మేమూ అటు వెళ్లాం, దాచడమెందుకు. వారం తిరక్కుండా వెనక్కొచ్చాం. ఇన్నాళ్లూ ఏమయ్యారని ఆమె అడగలేదు.

పేపర్లో మీ గురించి రాస్తున్నాను, పేరూ వీధీ కూడా వేస్తానని మొన్న చెప్పాను.

‘వద్దు బాబూ,’ అంది. ‘ఉన్నది ఒక్కటే గ్రైండరు.’