విస్తళ్లెన్ని? ఎక్స్ ఎంత?

మొన్న అక్కావాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో ఇద్దరు లెక్కలతో కుస్తీ పడుతున్నారు. పెద్దమ్మాయి నిశ్చితార్థం భోజనాల బేరం తేలక బావ. రేఖీయ సమీకరణాల పాఠం ముందేసుకుని ఎనిమిదో తరగతి మేనల్లుడు. 'సమీకరణం ఇచ్చేస్తే చిటికెలో చేస్తా మావయ్యా. ఈ మాటల లెక్కలే బుర్రకెక్కవు' అన్నాడు. చాలా ఇళ్లలో ఇదే వరస కదూ!

బావ చేతిలో రెండు చీటీలున్నాయి. ఒకాయన వంటవాళ్ల కూలీ, షామియానా, సామాన్లకు కలిపి ఇరవై వేలు, ఆపైన విస్తరికి 250 అన్నాడు. రెండో ఆయన అన్నీ కలిపి విస్తరికి 350. 'మొదటాయనే చవక, విస్తరికి వంద తేడా' అంటూ బావ అడ్వాన్సు ఇచ్చేయబోతున్నాడు. ఉన్నది అరవై వేలు. మించితే అప్పే.

'ఒరే, పుస్తకం పక్కన పెట్టి ఇది రాయి. వచ్చేవాళ్లు ఎక్స్ మంది అనుకో' అన్నాను. వాడు మొదటి బేరానికి 20,250ఎక్స్ అని రాశాడు. 'అంటే ఇద్దరొచ్చినా నలభై వేలు దాటాలా?' అనేసరికి నాలుక కరుచుకున్నాడు. ఒక్కరు రాకపోయినా ఇచ్చుకోవాల్సింది విడిగా ఉండాలి: 20,000 + 250ఎక్స్. రెండోది ఉత్త 350ఎక్స్.

పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశి పేరు యావత్తావత్తు. పొట్టిగా 'యా'. మారని అంకెకు రూపం, అంటే 'రూ'. ఈ బేరాలు ఆయన పద్ధతిలో అయితే పైన 'యా 250 రూ 20000', కింద 'యా 350 రూ 0' అని ఉంటాయి. మన రూపాయల లెక్కకు ఆ 'రూ' భలే కుదిరింది!

మాటలను అంకెల్లోకి మార్చడంలో తడబడేది మనవాడొక్కడే కాదు. 1980ల మొదట్లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనంలో ఇంజినీరింగు విద్యార్థులకు ఓ ప్రశ్న ఇచ్చారు. ప్రొఫెసర్లకు ఆరు రెట్లమంది విద్యార్థులున్నారు, సమీకరణం రాయండి అని. మూడో వంతుకు పైగా తప్పు రాశారు, వాళ్లలో ఎక్కువమంది 6ఎస్ = పి అని! ఎస్ విద్యార్థులు, పి ప్రొఫెసర్లు. పదిమంది ప్రొఫెసర్లుంటే విద్యార్థులు అరవై. ఆ అంకెలు పెట్టి చూస్తే 360 = 10 అని వస్తుంది. రాయాల్సింది ఎస్ = 6పి. అందుకే రాసిన వెంటనే ఓ చిన్న అంకె వేసి చూడమంటాను. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే, కూడికల్లో కాదు.

మళ్లీ బేరానికొద్దాం. రెండూ సమానమయ్యేది ఎప్పుడు? 20,000 + 250ఎక్స్ = 350ఎక్స్. అంటే 100ఎక్స్ = 20,000. ఎక్స్ 200. అంతకు తక్కువమంది వస్తే రెండో ఆయనే చవక. బావ జాబితాలో ఉన్నది 165 మంది. మొదటాయనకైతే 61,250. రెండో ఆయనకు 57,750. బావ అడ్వాన్సు డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

'అరవై వేలకు ఎంతమందిని పిలవొచ్చురా?' అన్నాడు ఉత్సాహంగా. వాడు 350తో భాగించి '171' అన్నాడు.

ఇంతలో వంటింట్లోంచి అక్క వచ్చింది. 'పిన్నివాళ్లను రాశారా? వాళ్లే తొమ్మిదిమంది!'

మేనల్లుడు అప్పటికే పెన్సిలందుకున్నాడు. '174. తొమ్మిదొందలు తక్కువ నాన్నా.'