అంబలి డబ్బాను దాచుకోనివ్వకండి

బదిలీల మీద ఎన్ని ఊళ్లు తిరిగినా మాకు కనిపిస్తున్నది ఒకటే. పిల్లల టిఫిన్ డబ్బాలన్నీ ఒకేలా మారిపోతున్నాయి. బీజాపూర్ జిల్లా మద్దేడ్ వైపు తెలుగువాళ్లు అంబలి అన్నా, బస్తర్‌లో మడియా పేజ్ అన్నా గిన్నెలో ఉండేది రాగి జావే. దాన్ని పేదల తిండి అనుకుని పిల్లలు దాచుకుంటున్నారు. చిప్స్ పొట్లం మాత్రం అందరి ముందూ విప్పుతున్నారు.

మన పెద్దపేగులో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనకు అరగని పీచే దానికి ఆహారం. మేలు చేసే బ్యాక్టీరియాను పోషించే ఇలాంటి పదార్థాలను ప్రీబయోటిక్స్ అంటారు. ఉల్లి, వెల్లుల్లిలోని ఇనులిన్ అలాంటిదే. బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు తయారయ్యే బ్యూటిరేట్ పేగు లోపలి పొరకు బలం. వండి చల్లార్చిన అన్నంలోని పిండిపదార్థం కూడా కొంత అరగకుండా అక్కడికి చేరుతుంది. చిప్స్, మైదా బిస్కెట్లలో ఆ పీచు చాలా తక్కువ. మలబద్ధకానికి అదీ ఒక కారణమే.

అలాగని పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాస్, కడుపుబ్బరం వస్తాయి. కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్లు బాగా తాగాలి. కొందరికి ఉల్లి, వెల్లుల్లి పడవు. కడుపునొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. అంబలి ఆహారమే గానీ మందు కాదు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దాని మీద పిల్లల చేత వ్యాసాలు రాయించి, అంబలి తెచ్చిన పిల్లను చూసి తోటివాళ్లు నవ్వుతుంటే ఊరుకుంటే ఎలా? ముందు టీచర్లమే ఓ గ్లాసు అంబలి పోసుకుని పిల్లల పక్కన కూర్చుందాం.