చూసినందుకు డబ్బులేంటి?

ఇంజిన్‌లో ఎప్పుడూ వచ్చే శబ్దంతో పెద్ద గొడవ లేదు. బానెట్ ఎత్తితే వినిపిస్తుంది, వినిపిస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు తలనొప్పి అప్పుడప్పుడు వచ్చే టిక్ టిక్‌తోనే. రోడ్డు మీద అరగంట మనతో ప్రయాణం చేస్తుంది, షెడ్డుకి తీసుకెళ్ళగానే మాయం. మెకానిక్ మన మొహం చూస్తాడు, మనం బానెట్ వైపు చూస్తాం. "ఇందాక వచ్చిందండీ, నిజంగా" అని ఒట్లు పెట్టినంత పని చేస్తాం.

శబ్దం దొరకదు. బిల్లు మాత్రం వస్తుంది. ఎందుకిలా అని అడిగితే అందరూ చెప్పేది ఒకటే: మెకానిక్‌లు మోసం చేస్తారు, లేదా వాళ్ళకి పని రాదు. నేను ఒప్పుకోను. అలాంటివాళ్ళు ఉంటారు, కాదనను. కానీ తప్పు ఎక్కువగా డబ్బులిచ్చే కస్టమర్లదే అని నా వాదన. వెతికినందుకు ఎవరూ పైసా ఇవ్వరు, మార్చిన సామానుకి మాత్రమే ఇస్తారు. అలాంటప్పుడు సామాన్లే మారతాయి, శబ్దం ఉన్నచోటే ఉంటుంది.

ముందు ఈ టిక్ టిక్ ఏమేం అయ్యుండొచ్చో చూద్దాం. వెతకడం ఎంత పనో అప్పుడే అర్థమవుతుంది. (మెకానికల్ బ్రాంచ్ వాళ్ళు ఈ రెండు పేరాలు వదిలేసి ముందుకి వెళ్ళిపోవచ్చు.) ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక్కసారి తిరుగుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ 800 ఆర్‌పీఎం మీద ఉందనుకోండి, ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. టాపెట్ దగ్గర సందు ఎక్కువైతే అదే లెక్కన టిక్ టిక్ అంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే దాంతోపాటే జోరందుకుంటుంది. కొన్ని ఇంజిన్లలో ఈ సందుని ఆయిల్ ప్రెషరే సర్దుతుంది, వాటిని హైడ్రాలిక్ లిఫ్టర్లు అంటారు. రాత్రంతా బండి ఆగి ఉంటే వాటిలోంచి ఆయిల్ దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకలాడి, ఆయిల్ ఎక్కాక ఊరుకుంటాయి. ఆయిల్ తక్కువైనా ఇదే రకం చప్పుడు వస్తుంది. అందుకే ఎవరైనా మొదట తీసి చూడాల్సింది డిప్‌స్టిక్. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గాస్కెట్ లీకైతే వచ్చేది కూడా అచ్చం టాపెట్ శబ్దంలాగే ఉంటుంది. కాకపోతే అది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వినిపిస్తుంది. వేడెక్కి లోహం వ్యాకోచిస్తే సందు మూసుకుపోయి తగ్గిపోతుంది. స్పార్క్ ప్లగ్ లూజైనా దాదాపు ఇలాంటిదే. ఇంజెక్టర్లు ఎప్పుడూ టిక్ టిక్ అంటూనే ఉంటాయి, అది జబ్బు కాదు. టైరు గాళ్ళలో ఇరుక్కున్న గులకరాయిది ఇంకో రకం, బండి వేగాన్ని బట్టి వస్తుంది. న్యూట్రల్‌లో వేసి వదిలినా చక్రం తిరుగుతున్నంతసేపు అది మోగుతూనే ఉంటుంది. వీటిలో నిజంగా భయపడాల్సింది ఒక్కటే, ఇంజిన్ కింది భాగంలోంచి బరువుగా, లోడ్ పడేకొద్దీ పెరిగే టక్ టక్. దానికి తోడు ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందంటే బండి పక్కకి తీసి అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. బేరింగులు పోతున్నాయని అర్థం.

గమనిస్తే ఇందులో శబ్దం 'ఎలా ఉంది' అన్నదానికన్నా 'ఎప్పుడు వస్తోంది' అన్నదే పని చేస్తోంది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఇంజిన్ వేగంతో మారుతోందా, బండి వేగంతోనా, రెండిటితోనూ కాదా? ఈ ప్రశ్నలు అడగడమే సగం వైద్యం. అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియోలో 'కార్ టాక్' అని ఒక ప్రోగ్రామ్ వచ్చేది. టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు నడిపేవాళ్ళు. ఇద్దరూ ఎంఐటీలో చదివి మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాళ్ళు (ఇది మీ ఇంట్లో మాత్రం చెప్పకండి). రేడియోలో వాళ్ళు తమకి పెట్టుకున్న పేరు 'క్లిక్ అండ్ క్లాక్, ద టాపెట్ బ్రదర్స్'. జనం ఫోన్ చేసి తమ కారు చేసే శబ్దాన్ని నోటితో చేసి వినిపిస్తే, అన్నదమ్ములు పగలబడి నవ్వి, తర్వాత ఒక్కో ప్రశ్నా వేసేవాళ్ళు. కారు వాళ్ళ ఎదురుగా లేదు. ఉన్నవల్లా ప్రశ్నలే.

ఇప్పుడు మా బాబాయి కారు సంగతి. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళొస్తాడు. ఊరు దాటి పదిహేను నిమిషాలయ్యాక, ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగితే టిక్ టిక్ మొదలు. కాసేపుండి పోతుంది. మళ్ళీ వస్తుంది. మొదటి షెడ్డులో ఆయిల్ మార్చి, కాస్త చిక్కటిది పోశారు. రెండో చోట టాపెట్ సెట్టింగ్ చేసి, కవర్ గాస్కెట్, నాలుగు ప్లగ్గులు మార్చారు. పాత ప్లగ్గులు కవర్లో పెట్టి చేతికిచ్చారు కూడా. మొత్తం 11 వేలయింది. మూడోది పెద్ద సర్వీస్ సెంటర్, ఏసీ గది, కాఫీ మిషన్. వాళ్ళు హెడ్ దించాలి, 35 వేల దాకా అవుతుంది అని ఎస్టిమేట్ కాగితం ఇచ్చారు. బాబాయికి కారు అమ్మేద్దామనే ఆలోచన వచ్చింది ఆ రోజే.

ఈ మూడు చోట్లా జరిగిందొకటే. సాయంత్రం బండి వదిలేసి రావడం, పొద్దున వాళ్ళు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వినడం. ఆ శబ్దం చల్లటి ఇంజిన్‌లో రాదు. అంటే ఆ 11 వేల పని చేసినవాళ్ళు గానీ, 35 వేలు అడిగినవాళ్ళు గానీ దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

నాలుగోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన బానెట్ ఎత్తలేదు. "ఎక్కండి బాబూ, ఒక రౌండ్ తిరిగొద్దాం" అని బాబాయి పక్క సీట్లో కూర్చున్నారు. ఇరవై నిమిషాలు తిప్పారు. టిక్ టిక్ మొదలవగానే డాష్‌బోర్డు మీద వేలితో దానికి సరిగ్గా తాళం వేస్తూ, "ఇప్పుడు కొంచెం రైజ్ చెయ్యండి" అన్నారు. ఇంజిన్ గొంతు పెరిగింది. ఆయన వేలు మాత్రం అదే వేగంతో కొడుతోంది, టిక్ టిక్ కూడా అదే వేగంతో వస్తోంది. "టాపెట్ కాదండి ఇది" అన్నారు. అంతే. వాల్వుదైతే ఇంజిన్‌తో పాటు పరిగెత్తాలి కదా. 35 వేల ఎస్టిమేట్ ఒక వేలితో కొట్టుకుపోయింది. వెనక సీట్లో కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించిందంటే అతిశయోక్తి అనుకోవద్దు.

షెడ్డుకి వచ్చాక ఇంజిన్ ఆపకుండానే పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొన ఒక్కోచోట పెట్టి విన్నారు. తర్వాత ఒక చిన్న సాకెట్ పీకారు. శబ్దం ఆగింది. పెట్టారు, వచ్చింది. పర్జ్ వాల్వు అది. ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని బయటికి వదలకుండా బొగ్గు నింపిన డబ్బాలో పట్టి ఉంచుతారు. ఇంజిన్ వేడెక్కాక ఈసీయూ ఈ వాల్వుని టకటకా తెరిచి మూస్తూ ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపి కాల్చేస్తుంది. అది చప్పుడు చేయడం మామూలే. దాన్ని పట్టుకునే రబ్బరు చీలిపోయి వాల్వు ఇనప పట్టీకి తగులుతోంది కాబట్టి లోపలికి అంత గట్టిగా వినిపించింది. రబ్బరు మార్చారు. 500 తీసుకున్నారు.

ఆ 500 గురించే ఈ వ్యాసం. ఇంటికొచ్చాక వారం రోజులు బాబాయి ఒకటే గొడవ: "యాభై రూపాయల రబ్బరు ముక్కకి ఐదొందలా!" 11 వేల గురించి ఇంత గొడవ చేయలేదు. దానికి బిల్లుంది, బిల్లులో సామాన్ల పేర్లున్నాయి, కవర్లో పాత ప్లగ్గులున్నాయి. ఇక్కడ కనిపించేది రబ్బరు ఒక్కటే. గంటన్నర సేపు ఒక మనిషి తన చెవినీ, అనుభవాన్నీ మన బండి మీద పెట్టాడన్నది ఏ బిల్లులోనూ కనపడదు. "చూసినందుకు డబ్బులేంటి?" అంటాం. ఊళ్ళలో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి సూది వెయ్యకపోతే ఆయనకి వైద్యం రాదనుకునేవాళ్ళని చూశారు కదా? అక్కడా అంతే. సూదికైతే ఇస్తాం, సూది అక్కర్లేదని చెప్పినందుకు ఇవ్వం. దాంతో ఆయన సూదే వేస్తాడు.

పెద్దాయన వైపు నుంచి లెక్క చూడండి. ఆ గంటన్నరలో ఇంకో బండి పని చాలావరకు అయిపోయేది, దానికి ఎవరూ నోరెత్తకుండా లేబర్ చార్జీ ఇచ్చేవాళ్ళు. మా కోసం వెతకడం వల్ల ఆయనకి నష్టమే. నిజం కనిపెట్టిన మెకానిక్‌కి 500, దానికి తోడు తిట్లు. ఊహించి మార్చినవాళ్ళకి 11 వేలు, దానికి తోడు నమస్కారాలు. ఈ లెక్కలో ఎవరు వెతుకుతారు చెప్పండి?

"ఇప్పుడన్నీ స్కానర్లే కదా, పెడితే చెప్పేస్తుంది" అని మన బ్యాచ్ వాళ్ళే అంటారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచే ఓబీడీ-2 తప్పనిసరి అయింది, ఇప్పుడు ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే డాంగిల్ ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ స్కానర్ చెప్పేది సెన్సర్లకి తెలిసినంతే. చీలిన రబ్బరుకి సెన్సర్ లేదు. ఇంజిన్‌లో చెవిలాంటిది ఒకటుంది, నాక్ సెన్సర్. అది కూడా పెట్రోల్ అదుపు తప్పి మండినప్పుడు వచ్చే కంపనం కోసమే వింటుంది. ఒక్కోసారి వేరే చప్పుడుని అదే అనుకుని, అవసరం లేకపోయినా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపించేస్తుంది కూడా. మా కారులో నెల రోజులుగా ఒక్క కోడ్ కూడా లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది ఒకే ఒక్కసారి, పెద్దాయన ఆ సాకెట్ పీకినప్పుడు. ఆ లైటు ఆర్పడానికి స్కానర్ పనికొచ్చింది, అబద్ధం ఎందుకు.

సీఎస్ఈ వాళ్ళకి ఇదంతా కొత్త కాదు. వెతకబోతే మాయమయ్యే బగ్‌ని హైజెన్‌బగ్ అంటారు, జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో రాసిన పేపర్లో ఆ మాట వాడాడు. ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టగానే ప్రోగ్రామ్ బుద్ధిగా పనిచేయడం ల్యాబ్‌లో మనందరం చూసిందే. రేపు ఉద్యోగంలో ఒకడు అలాంటి బగ్ కోసం రెండు రోజులు కూర్చుని, చివరికి ఒక్క లైను మారుస్తాడు. ఒక్క లైనుకి రెండు రోజుల జీతమా అని కంపెనీ అడగదు. అడిగితే మనం ఊరుకోం, డీబగ్గింగ్ అంటే ఏంటో తెలుసా అని లెక్చర్ ఇస్తాం. ఆ నెల జీతంతో కారు కొనుక్కుని, షెడ్డుకి వెళ్ళి, "చూసినందుకు డబ్బులేంటి" అని అడిగేది కూడా మనమే.

చూడ్డానికి డబ్బులు తీసుకుని ఏమీ కనిపెట్టలేకపోతే? పోతాయి, ఒప్పుకుంటాను. డాక్టర్ ఫీజు కూడా అలా పోతుంది ఒక్కోసారి. అందుకే ముందే మాట్లాడుకోవాలి: గంట చూస్తే ఎంత, దొరక్కపోతే ఏమేం కాదని తేలిందో చెప్తారా అని. ఏది కాదో తెలియడం కూడా పనే. 'టాపెట్ కాదు' అన్న ఒక్క మాట మాకు 35 వేలు మిగిల్చింది. ఇక కస్టమర్ చేయాల్సింది కూడా కొంత ఉంది. శబ్దం వచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేయాలి, ఇంజిన్ ఎంతసేపు నడిచాక వచ్చింది, ఏసీ వేసి ఉందా లేదా రాసుకోవాలి. వేడెక్కాక వచ్చే శబ్దమైతే వేడి బండినే తీసుకెళ్ళాలి, తాళాలిచ్చి వచ్చేయకుండా పక్కనే ఉండాలి.

వచ్చే నెల బాబాయి కారు మామూలు సర్వీసుకి ఇవ్వాలి. ఈసారి ఆ పెద్దాయన దగ్గరికే వెళ్తాడట. బిల్లులో 'చెకింగ్' అని వేరుగా రాస్తే దాని మీద బేరం ఆడొద్దని చెప్పాను. "ముందు ఎంత రాస్తాడో చూద్దాంలే" అన్నాడు.