దయానిధిని ప్రేమించవచ్చునా?

తెలుగు పాఠకుల మనసు దోచిన నవలా నాయకులెవరని మా తరం వారిని అడిగితే మూడు పేర్లు తప్పక వినిపిస్తాయి. బెంగాలీలో పుట్టినా మనవాడైపోయిన శరత్ దేవదాసు, అడివి బాపిరాజుగారి నారాయణరావు, బుచ్చిబాబుగారి దయానిధి. ఇరవయ్యేళ్ళ వయసులో నా ఓటు దయానిధికే. అరవై దాటాక, ఉద్యోగ విరమణ ఇచ్చిన తీరికలో ఆ నవలను మళ్ళీ చదివాను. ఆ ఓటును నిలుపుకోవాలా, వెనక్కి తీసుకోవాలా అన్న మీమాంసే ఈ టపా.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో మా ఏలూరులోనే జన్మించారు. కొంతకాలం అనంతపురం, విశాఖపట్నం కళాశాలల్లో ఆంగ్లం బోధించి, తరువాత ఆకాశవాణిలో చేరారు. 1967లో కన్నుమూశారు. ఆయన రాసిన ఒకే ఒక నవల ‘చివరకు మిగిలేది’. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. మా ఊరి రచయిత అన్న అభిమానంతోనే దానిని చేతికి తీసుకున్నానని దాచను. పండిత శిక్షణ పొందుతున్న రోజులవి. పగలు ప్రబంధాలు, రాత్రి దయానిధి.

నవల చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో. దయానిధి వైద్యం చదివినవాడు. తల్లిని గురించి లోకం అనుకునే మాటల నీడ అతని జీవితమంతటా పరుచుకుని ఉంటుంది. కోమలి అందం అతన్ని లాగుతుంది. అమృతం అతని మనసెరిగిన మనిషి, కాని మరొకరి ఇల్లాలు. సుశీల అతన్ని ఆశిస్తుంది. పెళ్ళి మాత్రం ఇందిరతో జరుగుతుంది. ఆ కాపురం నిలవదు. రాయలసీమకు వెళ్ళి, అక్కడ వజ్రం దొరికితే ఆసుపత్రి కట్టిస్తాడు. చివరకు తనతో తాను సమాధానపడటం దగ్గర కథ ఆగుతుంది.

ఇంతకూ ఇందరిని అతనివైపు తిప్పినదేమిటి? రూపం కాదు, సిరి కాదు, శౌర్యం అసలే కాదు. నాకు తోచిన సమాధానం ఒకటే. అతడు తీర్పు చెప్పడు. కోమలి పుట్టుకను బట్టి ఆమెకు వెల కట్టడు. అమృతాన్ని వావివరుసల త్రాసులో తూచడు. కన్నతల్లి మీద పడిన నిందను మోసినవాడు కనుక మరొక స్త్రీ మీద నింద వేయడానికి అతనికి నోరు రాదు. ఆడవారి మాటను ఆసాంతం వినే మగవాడు కథల్లో ఈనాటికీ అరుదే. ఆనాటి నవలలో అటువంటివాడు ఎదురుపడితే స్త్రీ పాత్రలే కాదు, పాఠకులూ కరిగిపోవడంలో వింత లేదు. ఇంతవరకూ అతని ఆకర్షణ న్యాయార్జితమే.

మన ఆలంకారికులు శృంగార నాయకులను నాలుగు విధాలుగా చెప్పారు. ఒక్కతెనే నమ్ముకున్నవాడు అనుకూలుడు. పలువురిని సమానంగా ఆదరించేవాడు దక్షిణుడు. తప్పు బయటపడినా సిగ్గుపడనివాడు ధృష్టుడు. చాటుగా తప్పు చేసేవాడు శఠుడు. భార్య మనసు మారేదాకా ఓర్పుతో వేచి ఉన్న నారాయణరావు అనుకూలుడని మొదటి తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. దయానిధిని ఏ గదిలో కూర్చోబెట్టాలి? కపటం లేదు కనుక శఠుడు కాడు. సిగ్గు నిండా ఉంది కనుక ధృష్టుడు కాడు. ఒక్కతెను పట్టుకోలేదు కనుక అనుకూలుడు కాడు. దక్షిణుడందామంటే అతని ఆదరణ అందరికీ సమానంగా అందలేదు, సమానంగా అందకుండా పోయింది. శాస్త్రంలో లేని అయిదవ గది ఒకటి కట్టాలి. దానికి ‘సందిగ్ధుడు’ అని పేరు పెడదాం. బుచ్చిబాబుగారు షేక్‌స్పియర్‌ను తలకెక్కించుకున్నవారు. హామ్లెట్ ఈ గదిలో దయానిధి కంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ఇక్కడ పెద్దన గుర్తుకు వస్తాడు. ప్రవరుడు వరూధినిని నిరాకరించాడు. ఆమె హృదయం బద్దలైంది. అయినా అతడు ‘కాదు’ అన్న మాట స్పష్టంగా అన్నాడు. దయానిధి ‘కాదు’ అనడు, ‘ఔను’ అనడు. అతని మౌనానికి అర్థం వెతుక్కునే పని ఎదుటి మనిషి మీద పడుతుంది. అమృతం ఒక రాత్రి అతనికి దగ్గరైంది; ఆ రాత్రి బరువును తానే మోసింది. ఇందిరకు కాపురం దక్కలేదు. అతనికి మాత్రం ఆలోచించుకోవడానికి పేజీలకు పేజీలు దొరికాయి.

ఇరవయ్యేళ్ళప్పుడు ఇది నాకు కనబడలేదు. కనబడకపోగా, ఆ మౌనాన్నే గాంభీర్యమనుకుని నేను అలవరచుకున్నాను. తాడేపల్లిగూడెంలో మేష్టరుగా చేరిన కొత్తలో పెళ్ళయింది. మా ఆవిడది కొల్లేటి లంక గ్రామం. ఒక వర్షాకాలంలో చంటివాడితో పుట్టింట ఉండగా వాడికి జ్వరం వచ్చింది. కొల్లేరు పొంగి ఊరి చుట్టూ నీరు. కబురు నాకు చేరింది. నేను మూడు పుటల ఉత్తరం రాశాను. అందులో దుఃఖమూ ఉంది, తత్త్వమూ ఉంది. ఆకివీడు దాకా బస్సులు నడుస్తూనే ఉన్నాయి. నేను వెళ్ళింది నాలుగోనాడు. ఈలోగా మా మామగారు రాత్రికి రాత్రి బిడ్డనూ తల్లినీ దోనెలో కూర్చోబెట్టుకుని, గడ వేసుకుంటూ నీళ్ళు దాటించి, కైకలూరులో డాక్టరుకు చూపించుకు వచ్చారు. ఆయన అక్షరం రానివారు. ఆ విషయం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు మా ఆవిడ ‘చివరకు మిగిలేది’ చదివింది. ఎలా ఉందని ఆశగా అడిగాను. పుస్తకం మూసి, “ఈయన కూడా ఉత్తరం రాసి నాలుగోనాడు వచ్చే రకమేనండీ” అంది. ఇన్నేళ్ళలో ఆ నవల మీద ఎన్నో విమర్శలు చదివాను. ఇంత సూటిగా తగిలినది మరొకటి లేదు.

మా కొల్లేటిలో బుడమేరు, తమ్మిలేరు వంటివి ఎన్ని వచ్చి కలిసినా నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి పూడుకుంటే ఊళ్ళు మునుగుతాయి. దయానిధి హృదయంలోకి అందరి బాధా వచ్చి చేరుతుంది. అది పనిగా మారి బయటకు వచ్చే దారి మాత్రం ఇరుకు. పేరులోనే ఉంది చిక్కు. నిధి అంటే దాచిపెట్టినది. పాతరలో ఉన్న ధాన్యం ఎవరి ఆకలీ తీర్చదు. ఆ నిధి తలుపు తెరుచుకున్నది రాయలసీమ రోగుల కోసం, పరాయివారి కోసం. ఇంటి మనుషులకు అందినది చాలా తక్కువ.

బుచ్చిబాబుగారికి ఇది తెలియదా అని మీరు అడగవచ్చు. బాగా తెలుసు. ప్రేమ కంటే కాస్త దయ మనిషికి ముఖ్యమన్న ఎరుక వైపు ఆయన నవలను నడిపించారు. నాయకుణ్ణి ఆదర్శంగా నిలబెట్టలేదు, విప్పి చూపించారు. మోసపోయినది రచయిత కాదు, అద్దంలో దయానిధిని చూసుకుని మురిసిపోయిన నావంటి కుర్రవాళ్ళు.

కనుక నా ఓటును రెండుగా చీలుస్తున్నాను. మనిషిని నిందించకుండా చూసిన ఆ చూపుకు సగం ఓటు ఇప్పటికీ ఉంది. రెండవ సగం, ఏ అలంకార గ్రంథానికీ ఎక్కని, దోనె నడిపిన ఆ పెద్దమనిషికి.

మీలో దయానిధి పక్షం వహించేవారు చాలామందే ఉంటారని ఎరుగుదును. ఖండనమండనలకు సిద్ధంగా ఉన్నాను. అయితే ఇందిర పక్షాన మాట్లాడేవారు ఎవరైనా ఉంటే, ముందు వారి మాట వినాలని ఉంది.