కాలము కొనగలవారికే డాక్టరేటా?

2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లా విభజింపబడి జనగామ, మహబూబాబాదు (మానుకోట), భూపాలపల్లి వేఱువేఱు జిల్లాలైనప్పుడు, వానిలో నొకదానికి, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారి పేరు పెట్టిరి. ఆచార్యుని పేరు మోయు జిల్లాలు మన దేశమున అరుదు. అట్టిచోట పుట్టిన పిల్లలలో ఎందఱికి డాక్టరేటు అందుబాటులో నున్నదని అడుగుట అసందర్భము కానేరదు. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీని గూర్చియే అడుగుచున్నాను. ఏలయన రసాయనశాస్త్రముతో బీఎస్సీ ముగించిన పిల్లలలో పెక్కుమంది పీజీ కౌన్సెలింగులో ముందుగా కోరుకొనునది అదియే. "ఆర్గానిక్ చేస్తే కంపెనీలో కొలువు ఖాయం" అని సీనియర్లు చెప్పు మాట జనగామ బస్టాండు మొదలు భూపాలపల్లి దగ్గఱి చెల్పూరు వఱకు చెల్లుచున్నది.

ఆ మాటలో అసత్యము లేదు. 1944లో హైదరాబాదు సంస్థానమున వెలసిన ప్రయోగశాలలు 1956లో ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయను పేరు తాల్చి తార్నాకలో నేటికిని నిలిచియున్నవి. 1970 నాటి పేటెంట్ల చట్టము ఔషధమునకుగాక దానిని తయారుచేయు విధానమునకే హక్కు నిచ్చుటచేత, ఒకే మందునకు మఱియొక దారి కనిపెట్టగల రసాయనజ్ఞునికి గిరాకి పెరిగెను. గుంటూరువారైన ఏ.వి. రామారావుగారు ఆ సంస్థకు సంచాలకులుగా నుండగా ఎయిడ్స్ మందైన జిడోవుడిన్‌కు చవుకైన విధానము రూపొందగా, సిప్లా దానిని 1993లో విపణిలోనికి తెచ్చెను. తాడేపల్లి పసుపు రైతు కుమారుడైన అంజిరెడ్డిగారు పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో డాక్టరేటు ముగించి, 1984లో సొంత కంపెనీ నెలకొల్పిరి. రైతుబిడ్డలు పైకి రాలేదా యని వీరిని చూపువారు, వీరు పనిచేసినది దేశము ధనము వెచ్చించి సాకిన ప్రయోగశాలలలో ననుట మఱచుచున్నారు.

ఈ శాస్త్రమున డాక్టరేటనగా పుస్తక పాండిత్యమని బయటివారు తలంతురు. నిజమునకది చేతిపని. సాయంకాలము ఫ్లాస్కులో పెట్టిన రియాక్షన్ నుండి గంటగంటకు ఒక చుక్క తీసి, సన్నని గాజుగొట్టముతో, పదార్థములను వేఱుచేసి చూపు టీఎల్‌సీ ప్లేటుపై నద్ది, హెక్సేన్, ఇథైల్ అసిటేట్ల మిశ్రమమున నిలిపి యూవీ దీపము క్రింద చూచినప్పుడు, మొదటి పదార్థపు స్పాట్ మాయమై క్రొత్తది ఒక్కటే కనబడెనా, ఆ రాత్రి స్కాలరునకు పండుగ. కాని తఱచుగా కనబడునవి నాలుగైదు స్పాట్లు. అప్పుడు సిలికా జెల్‌ను ద్రావణిలో కలిపి, పొడవైన గాజుగొట్టమున గాలిబుడగ చొరకుండ నింపి, పైన ఆ జిగురు సరుకును పోసి, క్రింద పరీక్షనాళికల వరుసలో బొట్టుబొట్టుగా పట్టవలెను. ఇట్లు కాలమ్ వేసినవాడు మెస్సునకు పోరాదు. పోయి వచ్చులోపల ద్రావణి అడుగంటి సిలికా చీలెనా, ఆ దినపు శ్రమ యంతయు సింకు పాలగును. ఇంత చేయగా మిగిలిన చిటికెడు పొడి తాను కోరిన అణువో కాదో ఎన్‌ఎంఆర్ యంత్రము చెప్పవలెను. ఆ యంత్రము తమ శాఖలో లేనివారు సరుకును చిన్న సీసాలో మూసి వేఱొక సంస్థకు పంపి, ఫలితము వచ్చుదనుక చేతులు కట్టుకొని కూర్చుండవలెను. ఇట్టి పనికి మేధ కొంత యున్నను చాలును. కాలము మాత్రము అడ్డులేక దొరకవలెను.

ఆ కాలమును ఎవరు కొనియిచ్చుచున్నారు? సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అను పరిశోధక భృతి పొందినవానికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల పిమ్మట 42,000 రూపాయలు లభించుచున్నవి. (ఆ పరీక్షాపత్రము ఇంగ్లీషు, హిందీలలో తప్ప రాదు, తెలుగు మాధ్యమమున ఇంటరు దాక చదివిన మానుకోట పిల్లకు ఇది ఎట్టి మెట్టో వేఱుగ చెప్పనక్కఱలేదు.) జేఆర్ఎఫ్ రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయములలో నెలకు 8,000 రూపాయలైన కలవు, రాష్ట్ర విశ్వవిద్యాలయములలో సాధారణముగా అదియును లేదు. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారము పీహెచ్‌డీకి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆఱేండ్లు. ఇన్నేండ్లు ఇంటినుండి డబ్బు తెప్పించుకొనలేని స్కాలరు ఉదయము ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠములు చెప్పి, మధ్యాహ్నము ల్యాబునకు వచ్చి, రాత్రి బస్సు తప్పిపోవునను భయముతో రియాక్షన్‌ను సగములో ఆపి పోవుచున్నాడు. జనగామకును మహబూబాబాదుకును రైలైన కలదు. భూపాలపల్లి వానికి బస్సే గతి.

ఇంతమంది డాక్టరేట్లు దేనికి, క్లోరో ఉన్నచోట బ్రోమో, మిథైల్ ఉన్నచోట ఇథైల్ తగిలించి వ్రాసిన థీసిస్‌లతో లోకమునకు ఒరిగినదేమని ఆక్షేపించు పెద్దలు కలరు. వారి ఆక్షేపణ పెక్కు థీసిస్‌ల విషయమున నిజమే. కాని అట్టి విషయమును ఎన్నుకొన్నది స్కాలరు బుద్ధి కాదు. అతని ల్యాబు బీరువా. చవుకైన రీఏజెంట్లతో, ఆర్గాన్ సిలిండరు అక్కఱలేకుండ, గడువులోపల ముగియగల పనినే గైడు ఇచ్చును, స్కాలరు పుచ్చుకొనును. పల్లాడియం ఉత్ప్రేరకముతో రెండు కార్బనులను జతపఱచు చర్యలకు 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ బహుమానము వచ్చెనని సెమినారులో చక్కగా చెప్పగల పిల్ల, ఆ ఉత్ప్రేరకమును ఒక్క గ్రాము తెప్పించుకొనుటకు ఇండెంటు వ్రాసి నెలలు వేచియుండవలసి వచ్చినచో, సాహసము ఎక్కడినుండి పుట్టును?

పరిశోధింపదగిన విషయములకు పాత వరంగల్లు జిల్లా నేలమీద కఱవు లేదు. ఫాల్గుణమున ఆ అడవులను ఎఱుపెక్కించు మోదుగుపూవులోని బ్యూట్రిన్ అను పదార్థపు నిర్మాణమును గూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున టి.ఆర్. శేషాద్రిగారును వారి శిష్యులును 1941 ప్రాంతమున పరిశోధించిరి. కారము తక్కువై రంగు హెచ్చైన వరంగల్ చపాటా మిర్చి 2025లో భౌగోళిక గుర్తింపు పొందినది. అయినను స్థానికుడు స్థానికమైన మొక్కనే పరిశోధింపవలెనని శాసించుట నాకిష్టము లేదు. మానుకోట పిల్లకు మోదుగుపై నెంత హక్కో పల్లాడియముపై నంత హక్కు కలదు.

కాఁబట్టి రాష్ట్ర ప్రభుత్వము, తన విశ్వవిద్యాలయములలో పూర్తికాలము పనిచేయు ప్రతి పరిశోధకునికి, వేఱొక ఫెలోషిప్పు లేనిపక్షమున, ఇల్లు గడచునంత భృతిని ప్రవేశము పొందిన మొదటి నెలనుండి ఇయ్యవలెను. ములుగులో 2023 నాటి చట్టముచే ఏర్పడిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును కలుపుకొని, ఎన్‌ఎంఆర్ వంటి యంత్రములను ఆ ప్రాంతపు స్కాలర్లందఱికి ఉమ్మడిగా నేర్పఱచుట రెండవ పని. ఇవి ఆలస్యమగుచో, పైసా ఖర్చులేని పని యొకటి రేపే చేయవచ్చును: పీహెచ్‌డీ నోటిఫికేషన్‌లో సీట్లెన్నియో ముద్రించుచోటనే వానిలో నెన్నింటికి భృతి కలదో కూడ ముద్రింపవలెను, సున్న యైనచో సున్న యనియే. అప్పుడు ఎంఎస్సీ చేతబట్టుకొన్న పిల్లవాడు ఇంటికి పోయి, తండ్రితో కూర్చుండి ఆఱేండ్ల లెక్క వేసికొని, దరఖాస్తు పెట్టుటో మానుటో తేల్చుకొనును.