డిస్కస్ పక్కన అబౌట్ ఎందుకొచ్చింది?

ఇన్, ఆన్, ఎట్... ఇంగ్లీషులో ఇవి చాలా చిన్న మాటలు. కానీ వీటికి జడిసి నోరు కట్టేసుకున్న ఆడవాళ్లు మన మధ్య ఎంతమందో! స్కూల్లో టీచరు ముందు కూర్చున్నప్పుడు తల్లికి అడగాల్సినవి చాలా ఉంటాయి. ‘ఎట్ అనాలా, ఇన్ అనాలా’ అని తడబడితే పక్కనున్న కన్నబిడ్డే కిసుక్కుమంటాడు. మళ్లీసారి నుంచి “మీరే వెళ్లి రండి” అని ఆయన్ని పంపేస్తారు. ఇదే నాకు నచ్చదు.

నిజానికి ఆ తప్పుల్లో ఉన్నది తెలివితక్కువతనం కాదు, తెలుగు. మనం ‘దాని గురించి చర్చిద్దాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో డిస్కస్ పక్కన ఏమీ అక్కర్లేదు. మనకి ‘అతనితో పెళ్లి’ కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అంటాం. వాళ్లకది ‘మ్యారీడ్ టు’. బస్సుకైనా కారుకైనా మనకి ‘లో’ ఒక్కటే. వాళ్లేమో ‘ఇన్ ది కార్’ అంటారు, ‘ఆన్ ది బస్’ అంటారు.

పోనీ మన విభక్తులు లెక్క ప్రకారం నడుస్తాయా? చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నదాన్నే చెబుతున్నాను. బట్టలు ఎండలో ఆరేస్తాం. ఎండకి కళ్లు తిరుగుతాయి. ఎండన పడి వస్తాం. అత్తగారి మీద కోపం, అత్తగారంటే భయం! ఎందుకలా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? అమ్మ నోట విన్నాం, అలవాటైపోయింది. ఇంగ్లీషూ అంతే. ఆ మాటకొస్తే వాళ్లలో వాళ్లకే కుదరదు: బ్రిటన్‌లో ‘ఎట్ ది వీకెండ్’ అంటే, అమెరికాలో ‘ఆన్ ది వీకెండ్’ అంటారు.

అందుకని ప్రతిదానికీ సూత్రం వెతుక్కుంటూ కూర్చోవద్దు. ‘డిపెండ్ ఆన్’, ‘గుడ్ ఎట్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’ ఇలా జంటగానే గుర్తుపెట్టుకోవాలి. పాత నోటుబుక్కులో రోజుకి రెండు, మనింటి వాక్యాలతోనే రాసుకుంటే చాలు: ‘మై సన్ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్.’

పిల్లలకీ ఒక మాట గట్టిగా చెప్పండి. అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో దిద్దకూడదు, ఇంటికొచ్చాక చెప్పొచ్చు. ‘డిస్కస్ అబౌట్’ అన్నా టీచరుకి అర్థమవుతుంది. కానీ అమ్మ అసలు వెళ్లడమే మానేస్తే, పిల్లాడు క్లాసులో ఎందుకు దిగాలుగా ఉంటున్నాడో అడిగేవాళ్లెవరు?