అమ్మకి రివాల్వర్ కొందామంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఈసారి పోస్టు వరి గురించీ కాదు, కాలవ నీళ్ల గురించీ కాదు. మన ఇళ్లల్లో ఒంటరిగా ఉంటున్న పెద్దాళ్ల గురించి. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పెనుగొండ నుంచి సిద్ధాంతం దాకా, ఇటు మార్టేరు, ఆచంట దాకా ఏ వీధిలోకెళ్లినా ఒకటే కనపడుతుందండి. పెద్ద డాబా, ముందు గేటు, లోపల డెబ్బై దగ్గరపడ్డ ఆవిడ ఒక్కతే. ఆయన పోయారు. కొడుకు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో. కౌలు డబ్బులు ఏ నెలలో వస్తాయో ఊరందరికీ తెలుసు. మెడలో నానుతాడు, చేతులకి గాజులు రోడ్డు మీదకే కనపడుతుంటాయి. పేపర్లో జిల్లా పేజీ తిప్పితే ఎక్కడో ఒకచోట మెడలో గొలుసు తెంపుకుపోయారన్న వార్త. అది వాట్సాప్‌లో మనకంటే ముందు అమెరికా చేరుతుంది. వెంటనే ఫోను: "బాబాయ్, అమ్మకి ఒక చిన్న రివాల్వర్ కొనిపెడదాం. ఏది మంచిదో కాస్త కనుక్కో."

ఊళ్లో కాగితాల పనులు తెలిసినోడినని ఈ ఏడాది ఇద్దరు కుర్రాళ్లు నన్ను ఇలాగే అడిగారు. వాళ్ల భయాన్ని నేను తీసిపారెయ్యను. అమ్మ ఒక్కతే ఉందంటే ఎంత దూరంలో ఉన్నోడికైనా నిద్ర పట్టదు. కానీ ఇద్దరికీ వద్దనే చెప్పాను. ఎందుకు వద్దన్నానో, వాళ్లడిగిన "ఏది మంచిది" దగ్గర్నుంచే చెప్తాను.

ముందు చట్టం. డల్లాస్‌లో షాపుకెళ్లి కొన్నట్టు ఇక్కడ కుదరదు. అక్కడ కొన్నది సూట్‌కేసులో పెట్టుకు తెచ్చేదీ కాదు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు ఉన్నాయి. మన జిల్లాకి భీమవరంలో కలెక్టరు గారికి దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీసు విచారణ జరగాలి. డాక్టరు సర్టిఫికెట్ కావాలి, తుపాకీ జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో దాన్ని ఎక్కడ భద్రంగా ఉంచుతారో హామీ రాసివ్వాలి. "ఒక్కదాన్నే ఉంటున్నాను, భయంగా ఉంది" అంటే చాలదు. ప్రాణానికి నిజంగా ముప్పుందని ఆ అధికారికి నమ్మకం కలగాలి. వచ్చిన లైసెన్సు ఐదేళ్లే. ఎన్నికలొస్తే సాధారణంగా తుపాకీ పట్టుకెళ్లి అప్పగించి, అయ్యాక తెచ్చుకోవాలి. ఈ తిప్పలన్నీ కొడుకు పడేవి కావు, లైసెన్సు ఆవిడ పేరు మీద ఉంటుంది కాబట్టి ఆవిడే పడాలి.

ఈ తిరుగుడంతా ఎందుకని నాటు తుపాకీ సంగతి ఎత్తేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే 2019 సవరణ తర్వాత 2 నుంచి 5 ఏళ్ల జైలు. డెబ్బై ఏళ్ల తల్లిని ఆ బోనులో నిలబెడతారా?

సరే, లైసెన్సు వచ్చిందనుకుందాం. ఏం కొంటారు? 9 ఎం.ఎం., పాయింట్ 38 లాంటివి మామూలు జనానికి నిషిద్ధం. చేతి తుపాకుల దిగుమతి 1980లలోనే ఆపేశారు. మిగిలేవి ఇక్కడ తయారయ్యే పాయింట్ 32, పాయింట్ 22 బోర్లవి. వీటిలో ఆడవాళ్ల కోసమే అని పేరుపెట్టి తెచ్చింది "నిర్భీక్". 2012 డిసెంబరులో ఢిల్లీలో ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం దీన్ని బజార్లోకి వదిలింది. నిర్భయ పేరు గుర్తొచ్చేలా పేరు పెట్టారు. టైటానియం మిశ్రమం, అర కేజీ బరువు, ఆరు గుళ్లు. నగల పెట్టెలాంటి ముదురెరుపు పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆడవాళ్లు కదా, పెట్టె బాగుంటే కొంటారనుకున్నారు కాబోలు! ధర అప్పట్లోనే లక్షా ఇరవై రెండు వేలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 చొప్పున లెక్కేసుకోండి, 75 కేజీల బస్తా సుమారు 1,777 రూపాయలు. అంటే దాదాపు 69 బస్తాల ధాన్యం. రెండెకరాల సార్వా.

2023 ఆగస్టులో "ప్రబల్" అని ఇంకోటి వచ్చింది. దీని గుండు 50 మీటర్లు పోతుందని గొప్పగా చెప్పారు. మన ఇంటి హాలు ఎంతండీ, పన్నెండు అడుగులు. యాభై మీటర్లంటే మీ ఇల్లు దాటి, పక్కిల్లు దాటి, ఎదురు వీధిలో పడుకున్నోళ్ల మంచం దాకా.

ఇక చేతుల సంగతి. అసలు లెక్క ఇదే. షాపులో చూసే కుర్రాడికి "తేలిగ్గా ఉంది, అమ్మ పట్టుకోగలదు" అనిపిస్తుంది. తేలిక తుపాకీ ఎక్కువ తన్నుతుంది, పేలినప్పటి విసురు మోసే బరువు దానికుండదు కాబట్టి. పిస్టల్ అయితే పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగి వదలాలి. కీళ్లనొప్పులున్న చేతికి అది జరిగే పని కాదు. రివాల్వర్‌కి ఆ బాధ లేదు గానీ, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కాలంటే మామూలుగా నాలుగైదు కేజీల బలం పెట్టాలి. ఐదు కేజీల బియ్యం సంచి ఒక్క చూపుడువేలికి తగిలించి ఎత్తమనండి మీ అమ్మగారిని. వెనక సుత్తిని బొటనవేలితో ముందే లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ తేలికవుతుంది. అయితే భయంతో వణికే వేలి కింద అంత తేలికైన ట్రిగ్గర్ ఉంటే, వచ్చింది దొంగో, పొద్దున్నే పాలు పోసే కుర్రాడో తేల్చుకునే టైము ఉండదు. కంట్లో శుక్లాలు, కళ్లజోడు ఎక్కడో టీవీ మీద.

ఒకవేళ నిజంగానే ప్రాణం మీదకొచ్చే బెదిరింపులుండి, ఆస్తి తగాదాల్లో సాక్ష్యం చెప్పాల్సొచ్చి, లైసెన్సు తీసుకోక తప్పని ఆవిడ ఎవరైనా ఉంటే నా సలహా ఇది. పిస్టల్ వద్దు, రివాల్వర్. మరీ తేలికది వద్దు, కాస్త బరువున్న ఉక్కుది, రెండు చేతులతో పట్టుకునేది. కొనేముందు శిక్షణ చోట ఆవిడే స్వయంగా కాల్చి చూడాలి. కొడుకు కాల్చి చూడటం కాదు. కొన్నాక కూడా అప్పుడప్పుడు సాధన చెయ్యాలి. ఏడాదికోసారి ఆయుధ పూజకి బయటికి తీసేది కాదు కదా అది. ఇవేవీ కుదరనప్పుడు లైసెన్సుకి పెట్టకండి.

చట్టంలో ఇంకో చోటు చూడండి. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండితే, లేదా తుపాకీ 25 ఏళ్లు దగ్గరుంటే, వారసుడి పేరుకి మార్పించుకోవచ్చు. అంటే జీవితమంతా తుపాకీ పట్టినోడికి కూడా డెబ్బైకి దించుకునే దారి ఇచ్చారు. మనోళ్లు ఆ వయసులో అమ్మకి కొత్తగా మొదలుపెట్టిద్దామంటున్నారు.

"ఇంట్లో జొరబడినోడిని కాలిస్తే కేసుండదు కదా" అంటారు కొందరు. సగం నిజం. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు ఉంది. సూర్యాస్తమయం తర్వాత, తెల్లారేలోపు ఇల్లు పగలగొట్టి వచ్చినోడి విషయంలో ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా పోవచ్చు. కానీ అవసరానికి మించి చేశారా లేదా అన్నది తర్వాత కోర్టు తేలుస్తుంది. ఆ వాయిదాలకి తిరిగేది డెబ్బై ఏళ్ల ఆవిడే.

మనం భయపడే ఆ అర్ధరాత్రి దొంగ కంటే మన పెద్దాళ్లకి ప్రమాదం ఎక్కువ ఎలా వస్తుందో ఆ వార్తలే మళ్లీ చదివి చూడండి. మిట్టమధ్యాహ్నం, "అమ్మా కాసిని మంచినీళ్లు" అంటాడు. అడ్రస్ అడుగుతాడు. ఇల్లు అద్దెకి చూస్తామంటారు. బంగారం మెరుగు పెడతామంటారు. కొన్నిసార్లు ఇంట్లో పని చేసినోడో, బంధువో. చేతికందే దూరంలో, నవ్వుతూ. అప్పుడు రివాల్వర్ ఎక్కడుంటుంది? భద్రంగా దాస్తానని రాసిచ్చారు కాబట్టి బీరువాలో, తాళం వేసి. తాళంచెవి మొలలో. ఎదుటివాడు వేలు చూపించి "తలుపు తియ్యి" అంటే ముందు ఆ తుపాకీయే వాడి చేతికి పోతుంది.

నిర్భీక్ వచ్చినప్పుడే మణిపూర్‌కి చెందిన బీనాలక్ష్మీ నెప్రమ్ గట్టిగా వ్యతిరేకించారు. తుపాకులకి భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లతో పనిచేసిన మనిషి ఆవిడ. తుపాకీ అంటే ఏంటో మనకంటే దగ్గర్నుంచి చూశారు.

తుపాకులు దొరికే దేశం సంగతీ చూద్దాం. అమెరికాలో 2011–14 మధ్య ఒక ముఠా జార్జియా, న్యూజెర్సీ, మిషిగాన్, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో మనలాంటి ఆసియా కుటుంబాల ఇళ్లే ఎంచుకుని దోచింది. ఎందుకూ? ఇంట్లో బంగారం ఉంటుందని. ముఠా నాయకురాలికి 2019లో 37 ఏళ్ల జైలు పడింది. దేశం ఏదైనా దొంగని మన గుమ్మంలోకి పిలిచింది ఆ బంగారమే. ముందు దాని సంగతి చూడాలి. ఒంటి మీద పెట్టుకునేంత ఉంచి, మిగతాది పెనుగొండలోనో తణుకులోనో బ్యాంకు లాకర్లో పడెయ్యండి. ఆవిడ ఒప్పుకోదంటారా? ఒప్పుకోదు. అవి ఆవిడ పుట్టింటివి, ఆయన చేయించినవి. ఫోన్లో చెప్తే వినదు. వచ్చి పక్కన కూర్చుని చెప్పండి, తీసి లోపల పెట్టే రోజున పక్కనే ఉండండి.

తర్వాత తలుపు. గుమ్మానికి బయట ఇనప గ్రిల్లు, దానికి లోపలి గడియ. నీళ్లడిగినా, కొరియర్ వచ్చినా గ్రిల్లు తియ్యకుండానే మాట్లాడటం అలవాటు చెయ్యాలి. మన అమ్మలకి ఇది మర్యాద తక్కువగా అనిపిస్తుంది, అదే కష్టం. వాకిట్లో రాత్రంతా వెలిగే లైటు ఒకటి.

మా వీధిలో ఒకాయన చేసింది నాకు భలే నచ్చింది. తల్లిగారి మంచం పక్కన కాలింగ్ బెల్ స్విచ్ పెట్టి, బెల్లు మాత్రం పక్కింట్లో బిగించాడు. వైరు లేని బెల్లే. రెండు మూడు యూరియా బస్తాల డబ్బు. ఆవిడ ఒకసారి బాత్రూంలో జారిపడి కూడా పాక్కుంటూ వచ్చి అదే నొక్కింది, పక్కోళ్లు పరిగెత్తారు. పెద్దవయసులో దొంగ కంటే ఆ జారుడే ఎక్కువ భయం కదా. ఆ బెల్లు రెంటికీ పనిచేస్తుంది, రివాల్వర్ ఒకదానిక్కూడా సరిగ్గా పనిచెయ్యదు.

112 నంబరు ఆవిడ ఫోన్లో మొదటి బొటన్ మీద పెట్టండి. కొడుకు దగ్గరికి వెళ్లి ఇల్లు తాళం వేసినప్పుడు స్టేషన్లో చెప్తే, తాళం వేసిన ఇళ్లకి కెమెరా పెట్టే ఎల్.హెచ్.ఎం.ఎస్. ఏర్పాటు మన రాష్ట్ర పోలీసులకుంది, ఉచితం. అడగండి.

అన్నట్టు ఈ గొడవంతటిలో ఆవిడని ఎవరూ అడగలేదు. నన్నడిగిన ఇద్దరిలో ఒకరి తల్లిగారిని నేనే అడిగాను. "నాకెందుకురా తుపాకీ, రాత్రిపూట పడుకోడానికి ఎవరైనా ఆడమనిషి తోడుంటే చాలు, దానికి అన్నం నేను పెడతాను" అంది. కొడుకు ఇప్పుడు మనిషిని వెతుకుతున్నాడు. మీ ఎరికలో నమ్మకమైనవాళ్లుంటే కామెంట్లో కాదు, నాకు ఫోన్ చేసి చెప్పండి.

ఇంకో మాట, ఇది కొన్ని పెద్ద ఇళ్లకి. తాతల నాటి లైసెన్సు తుపాకీ, లైసెన్సున్న ఆయన పోయాక, అలాగే అటక మీదో బీరువాలోనో ఉండిపోతుంది. ఆ ఇంటావిడకి అది ఉందన్న సంగతే గుర్తుండదు. ఆయన పోయిన నాటినుంచి ఆ లైసెన్సు ఆవిడకి పనికిరాదు. చట్టం ప్రకారం ఆలస్యం చెయ్యకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసుల్లో ఎవరికైనా కావాలంటే తర్వాత వాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత లైసెన్సు పుస్తకం, మరణ ధృవీకరణ పత్రం జిరాక్స్ పట్టుకుని ముందు స్టేషన్‌కెళ్లి మాట్లాడండి. తుపాకీ ఎలా తీసుకురావాలో వాళ్లే చెప్తారు.